ఝరాసంగం ప్రాంతంలో చలికాలపు పెరటి సేద్యం, ఇంటి జీవనం

సంగారెడ్డి జిల్లా పడమటి కొసన, బీదర్‌కు దగ్గరగా ఉన్న మండలం ఝరాసంగం. ఈ మండలంలోనూ, చుట్టుపక్కల జహీరాబాద్, న్యాల్కల్, కోహీర్, రాయికోడ్ మండలాల్లోనూ కార్తీకం వెళ్ళాక మొదలై శివరాత్రి దాకా సాగే ఇంటి పనికి ఒక ప్రత్యేకత ఉంది. పెరట్లో చిక్కుడు పందిరి, వాకిట్లో ఆరబోసిన కంది, కొట్టంలో పశువులు, ఊరి బయట నల్లరేగడిలో శనగ, జొన్న, కుసుమ ఇవన్నీ ఒకే ఇంటి ఇల్లాలి చేతి కింద నడిచే పనులు. పెరడు ఎక్కడ ముగిసి చేను ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం కష్టం. కూరకు కావలసింది ఇంటి వెనక నుంచి ఎంత వస్తుందో, చేని గట్టు నుంచీ అంతే వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో క్రిస్మస్, ధనుర్మాసం, సంక్రాంతి వరుసగా రావడంతో చదువులకూ కొలువులకూ వెళ్ళినవాళ్ళంతా ఇల్లు చేరే కాలం కూడా ఇదే.

ఇంటి తోటల గురించి లోకంలో రాసిందంతా ఎక్కువగా తడి నేలల గురించే. జావా ద్వీపపు పెకరంగన్ తోటలు, శ్రీలంకలో కాండీ తోటలు, కేరళ ఇంటి తోటలు అన్నీ వాన పుష్కలంగా కురిసే చోట్ల, కొబ్బరి నీడన మిరియం, మిరియం కింద పసుపు అన్నట్టు అంతస్తులుగా పెరిగేవి. దక్కన్ మెట్ట మీద ఇల్లు అలా బతకదు. ఇక్కడ తోటకు ఆధారం కురుస్తున్న వాన కాదు, కురిసి నేలలో దాగిన వాన. ఝరాసంగం చలికాలం అధ్యయనం చేయదగ్గది కావడానికి అదే కారణం.

నేల, చలి, మంచు

జహీరాబాద్ పరిసరాలు సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైన ఉన్న పీఠభూమి. ఎత్తు మీద ఎర్రని మొరం నేల, పల్లంలో నల్లరేగడి. ఎర్ర నేలలో నీరు నిలవదు. వానాకాలంలో సామ, కొర్ర, తైద, కంది పండి ఊరుకుంటుంది. నల్లరేగడి అలా కాదు. ఉత్తర, హస్త కార్తెల్లో కురిసిన వానను పీల్చుకొని నాలుగు నెలల పాటు పైరుకు కొంచెం కొంచెంగా అందిస్తుంది. చలి ముదిరేకొద్దీ ఆ నేల బీటలు తీస్తుంది. బీటల్లోంచి తేమ పోకుండా సాళ్ళ మధ్య గుంటుక తోలి పైమట్టిని పొడి చేస్తారు. ఆ పొడిమట్టి కింది తడికి కప్పుగా పనిచేస్తుంది. నీళ్ళు పెట్టే సౌకర్యం లేని రైతు చేతిలో ఉన్న నీటిపారుదల అంతా ఈ గుంటుకే.

రాష్ట్రంలో చలి ఎక్కువగా నమోదయ్యే చోట్లలో కోహీర్, న్యాల్కల్, ఝరాసంగం తరచూ ఉంటాయి. చలిగాలి వీచిన రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు పడిపోతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి, నేల వేడి త్వరగా చల్లారి, తెల్లవారేసరికి ఆకుల మీద మంచు నిండుగా కూర్చుంటుంది. శనగ, కుసుమ, అవిసె, లంక, ధనియాలు, గోధుమ, తెల్లజొన్న ఈ మంచుతోనే పండుతాయని ఇక్కడి ఆడవాళ్ళు చెబుతారు. వీటిని సత్యం పంటలు అంటారు. నీళ్ళూ ఎరువులూ అడగకుండా మాట నిలబెట్టుకొనే పంటలని వాళ్ళ భావం. లెక్క ప్రకారం చూస్తే పైరుకు కావలసిన నీటిలో పెద్ద వాటా నేలలోని తేమదే. మంచు ఇచ్చే నీరు కొద్దిపాటిదే. అయితే ఆకు తడిగా ఉన్నంతసేపు పైరు తన నీటిని బయటికి వదలదు. పొద్దెక్కేదాకా ఆ ఆదా సాగుతుంది. నెలల తరబడి రోజూ జరిగే ఈ ఆదా చిన్నదేమీ కాదు. అందుకే ఆడవాళ్ళ మాటను నమ్మకం కింద కొట్టిపారేయడం తప్పు. అది దీర్ఘకాలపు పరిశీలన.

శనగాకు మీది మంచు పుల్లగా ఉంటుంది. ఆకు నూగులోంచి ఊరే ఆమ్లాలు అందులో కలుస్తాయి. రాత్రి పైరు మీద పలుచని బట్ట పరిచి, తెల్లవారి పిండి, ఆ పులుపు నీటిని కడుపునొప్పికీ అజీర్తికీ వాడటం దక్కన్ పల్లెల్లో పాత అలవాటు. పొద్దున్నే శనగచేలో నడిచినవాళ్ళ కాళ్ళు చిమచిమలాడేది కూడా ఆ ఆమ్లంతోనే.

ఇంటి చుట్టూ

ఈ ప్రాంతపు పాత ఇళ్ళకు మొరం రాయితోనో మట్టితోనో కట్టిన గోడలు, పైన మట్టి మిద్దె. గోడ వెంట చిక్కుడు, గుమ్మడి, సొర తీగలు ఎక్కి మిద్దె మీద పరుచుకుంటాయి. పందిరికి వాసాలూ, దడికి కంది కట్టెలూ చేను నుంచే వస్తాయి. వేరే ఏర్పాటుగా కాలువ ఉండదు. స్నానం చేసిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు పారే చోట అరటి, చేమ, బచ్చలి నాటుతారు. బియ్యం కడిగిన నీళ్ళు పశువుల కుడితిలోకి పోతాయి. కరివేపాకు, మునగ, నిమ్మ, జామ చెట్లలో రెండైనా లేని పెరడు అరుదు. జామకు కోహీర్ పేరు చాలా దూరం పాకింది. హైదరాబాద్ బండ్ల మీద అమ్మేవాళ్ళు ఆ ఊరి పేరు చెప్పి అమ్ముతారు. చలికాలంలో జామకు రంగూ తీపీ రెండూ పెరుగుతాయి.

చలికాలపు పెరటికి చిక్కుడే పెద్ద దిక్కు. ఆషాఢంలోనో శ్రావణంలోనో గింజ పెడితే ఆకు మీద ఆకు వేస్తూ పోతుంది కానీ పూత రాదు. కొత్తవాళ్ళు తీగ గొడ్డుపోయిందనుకొని పీకేస్తారు. పగటి పొడవు తగ్గితే తప్ప నాటు చిక్కుడు పూయదు. దసరా దాటి పొద్దు కురచపడగానే గెలలు గెలలుగా పూసి, మార్గశిరంలో కాపు మొదలై మాఘం దాకా కూరకు వస్తుంది. చేలో జొన్నతో కలిపి వేసే అనుముదీ, కందిదీ ఇదే తీరు. సంక్రాంతి నాటికి అనపకాయ, కందికాయ పచ్చిగా ఉడకబెట్టి తినడానికి అందుతున్నాయంటే, అది పొద్దును కొలిచే ఆ మొక్కల గుణమే. బజారులో దొరికే పొట్టి రకాలు ఏ కాలంలో వేసినా కాస్తాయి. అది సౌకర్యమే, కానీ ఒకసారి కాసి పోతాయి. పందిరి చిక్కుడు ఒక ఇంటికి మూడు నెలలు కూర పెడుతుంది.

ఆకుకూరల్లో మెంతి నాలుగు వారాల్లో చేతికి వస్తుంది. ధనియాలను అరచేతి కింద నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి, లేకపోతే మొలక ఆలస్యం. కొత్తిమీర చలిలోనే ఒత్తుగా పెరుగుతుంది. ఎండాకాలంలో ఆకు పెట్టకముందే పూతకు పోతుంది. ముల్లంగి, పాలకూర, ఎర్రగడ్డ, ఎల్లిగడ్డ ఈ కాలానివే. టమాట, వంగ నారు కార్తీకంలో పోసి, ఇరవై అయిదు ముప్పై రోజుల మొక్కను నాటుకుంటారు. రాత్రి చలి మరీ ఎక్కువైనప్పుడు టమాట పూత నిలవదు, రాలిపోతుంది. దానికి మందు కొట్టి లాభం లేదు, చలి తగ్గేదాకా ఆగాలి. బెండ, బీర, కాకర గింజలు ఈ చలికి సరిగా మొలవవు. వాటిని సంక్రాంతి వెళ్ళాక పెడితే ఎండాకాలపు కూరకు అందుతాయి. మొక్కకు నీళ్ళు సాయంత్రం కాక పొద్దున పోయడం మేలు. రాత్రంతా తడి ఆకు మీద నిలిస్తే మచ్చ తెగులు త్వరగా పట్టుకుంటుంది.

చిక్కుడు లేత కొసలకు పేనుబంక పట్టడం ఈ కాలపు పెద్ద బెడద. పొయ్యి బూడిదను మంచు ఆరకముందే చల్లితే ఆకుకు అంటుకొని నిలుస్తుంది. వేపగింజలు దంచి, రాత్రి నానబెట్టి, వడకట్టి చల్లడం రెండో మార్గం. టమాట మడి చుట్టూ బంతి నాటితే కాయ తొలిచే పురుగు తన గుడ్లు బంతి మీదే ఎక్కువగా పెడుతుంది. పండుగ ముగ్గుకు పూలూ దొరుకుతాయి.

జహీరాబాద్ ప్రాంతానికి ఆలుగడ్డ, అల్లం వాణిజ్య పంటలుగా పేరు తెచ్చాయి. ఆలుగడ్డ అక్టోబరు, నవంబరుల్లో నాటి జనవరి, ఫిబ్రవరిలో తవ్వే పంట. తెలంగాణలో దానికి ఇదే ముఖ్యమైన నెలవు. అయితే దానికి నీళ్ళు, కొన్న విత్తనం, పెట్టుబడి కావాలి కాబట్టి చిన్న రైతు పెరటి లెక్కలోకి అది రాదు.

విత్తకుండా దొరికే కూర

ఈ ప్రాంతపు ఇంటి తిండిలో బయటివాళ్ళకు కనిపించని భాగం కలుపుగా పిలిచే ఆకుకూరలది. వానాకాలంలో చెంచలి, తుమ్మి, గునుగు, పాయల, గలిజేరు దొరుకుతాయి. చలికాలంలో గోధుమ, శనగ చేలల్లో పప్పుకూర లేస్తుంది. ఉత్తరాదిలో బథువా పేరుతో బజారుల్లో కట్టలు కట్టి అమ్మేది ఇదే. తడి ఉన్న గట్టున పొన్నగంటి ఉంటుంది. వీటికి తోడు శనగ పైరు కొసలు. నాలుగు వారాల పైరు తలలు తుంచితే పక్క కొమ్మలు ఎక్కువ లేచి కాయ పెరుగుతుంది. తుంచిన కొసలు ఆ పూట కూరవుతాయి, మిగిలింది ఎండబెట్టి ఎండాకాలానికి దాచుకుంటారు. ఒకే పనిలో చేనికీ ఇంటికీ లాభం.

జహీరాబాద్ పల్లెల్లో విత్తకుండా దొరికే ఆకుకూరలు ఎన్నో రకాలని, వాటిలో ఇనుము, సున్నం, విటమిన్‌ ‘ఏ’నిచ్చే కెరోటిన్ మెండుగా ఉంటాయని ఇక్కడి మహిళా సంఘాల పని వల్లే బయటి లోకానికి తెలిసింది. ఈ కూరలకు గింజ ఖర్చు లేదు, నీటి ఖర్చు లేదు, భూమి ఉండాలన్న నియమం కూడా లేదు. కూలికి వెళ్ళిన మనిషి తిరిగొస్తూ కొంగున కట్టుకొచ్చే కూర అది. కలుపు మందు కొట్టిన చేలో మొదట మాయమయ్యేది కూడా ఇదే. మందుతో కలుపుతీత కూలి తగ్గిందని లెక్కవేసేవాళ్ళు, పేద ఇంటి గిన్నెలోంచి ఏం పోయిందో కూడా అదే లెక్కలో రాయాలి.

కొట్టం, కోళ్ళు, పెంటకుప్ప

పశువు లేని పెరడు రెండేళ్ళలో నీరసించిపోతుంది. బీదర్, లాతూరు ప్రాంతాల్లో పుట్టి పెరిగిన దేవణి జాతి ఈ చుట్టుపక్కలా కనిపిస్తుంది. తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలు, పాలకూ అరకకూ రెండింటికీ పనికొచ్చే జాతి. చలికాలంలో కొట్టం మూడు వైపులా చొప్ప కట్టలతో గాలి రాకుండా కడతారు, కింద ఎండుగడ్డి పరుస్తారు. వానాకాలపు జొన్న కోశాక వచ్చిన చొప్ప, కంది పొట్టు పశువులకు ఏడాది మేత. అందుకే నాటు జొన్నలో గింజతో సమానంగా చొప్ప పొడవునూ చూస్తారు. గింజ దిగుబడి ఒక్కటే చూసి పొట్టి రకాలు సిఫారసు చేసినప్పుడు ఇక్కడి ఆడవాళ్ళు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

కొట్టంలోని పేడ, మేత చెత్త, పొయ్యి బూడిద అన్నీ పెంటకుప్పకు చేరతాయి. పేడతో వాకిలి సాన్పి చల్లడం, పిడకలు చేయడం, విత్తనపు బుట్టలు అలకడం ఇంకో వైపు. పంట కోసిన చేలలో గొర్రెల మంద పెట్టించుకోవడం చలికాలం చివరి పని. కురుమల దక్కని గొర్రెలు రాత్రులు చేలో పడుకుంటే ఎరువు బండి తోలకుండానే చేరుతుంది. అదే గొర్రె ఉన్నితో నేసిన గొంగడి ఈ చలికి కప్పుకోను, వానకు ముసుగు వేసుకోను, గింజలు ఆరబోయను పనికొస్తుంది.

నాటుకోడిని పొదగేయడానికి చలికాలం మంచిదంటారు. గుడ్లు చెడిపోవు. ఇరవై ఒక్క రోజులకు పిల్లలు దిగుతాయి. అయితే పిల్లలకు మొదటి రెండు వారాలు చలే గండం. గంప కింద మూసి, పైన గోనె కప్పి, పొయ్యి దగ్గర ఉంచుతారు.

పండుగల వరుస

చలికాలపు పండుగలు ఇక్కడ పైరు వయసుతో కలిసి నడుస్తాయి. సరిహద్దుకు అవతల బీదర్, కలబురగి జిల్లాల్లో మార్గశిర అమావాస్య నాడు ఎళ్ళు అమావాస్య చేస్తారు. సజ్జ రొట్టెలు, నువ్వుల రొట్టెలు, అంబలి, పచ్చి గింజలూ ఆకుకూరలూ అన్నీ కలిపి ఉడికించిన కూర బండిలో పెట్టుకొని చేనికి పోయి, నేలకు నైవేద్యం పెట్టి, చేని నాలుగు వైపులా చల్లి, అక్కడే బంధువులతో కూర్చొని తింటారు. ఇటువైపు జహీరాబాద్ పల్లెల్లో, ముఖ్యంగా దళిత కుటుంబాల్లో, శూన్యం పండుగ కూడా అలాంటిదే. పూత మీదున్న చేను వాళ్ళకు నిండు చూలాలు. ఆమెకు ఇష్టమైనవి వండి తీసుకుపోయి పెట్టాలి. జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రపు బీదర్ జిల్లాలోనివే. రాష్ట్రాల పునర్విభజనతో మెదక్ జిల్లాలోకి వచ్చాయి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో చేరాయి. గీతలు మారినా వంటలూ పండుగలూ అటూ ఇటూ ఒకలాగే ఉండిపోయాయి. రొట్టె పక్కన కారం ఏది అన్నదాంట్లో మాత్రం ఊరి ఊరికీ తేడా.

డిసెంబరు చివర క్రిస్మస్. ఈ ప్రాంతపు పల్లెల్లో మెథడిస్టు సంఘాలు చాలా కాలంగా ఉన్నాయి. కొంచెం దూరంలోని మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకొంది. కరువు కాలంలో జనానికి పని కల్పిస్తూ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన చర్చి అది. ఆ పండుగకు ఇక్కడి కుటుంబాలు కూడా ప్రయాణం కడతాయి. ఒకే ఇంట్లో క్రిస్మస్ నక్షత్రం, నెల తిరక్కుండా సంక్రాంతి ముగ్గు రెండూ కనిపించే ఊళ్ళు ఇక్కడ ఉన్నాయి. రెంటికీ గింజ వచ్చేది ఒక్క చేను నుంచే.

ధనుర్మాసం మొదలుకాగానే తెల్లవారకముందే సాన్పి, ముగ్గు. సంక్రాంతికి ముగ్గు నడుమ గొబ్బెమ్మ, దాని మీద నవధాన్యాలు, రేగుపండ్లు, గుమ్మడి పువ్వు. నవధాన్యాలు కొట్టులో కొని తెచ్చే ఇల్లు వేరు, ఇంటి గంపల్లోంచి పిడికెడు పిడికెడు తీసే ఇల్లు వేరు. భోగి నాడు నువ్వులు అద్దిన సజ్జ రొట్టె, కాయగూరలన్నీ కలిపిన కూర. సకినాలకు కొత్త బియ్యం, కొత్త నువ్వులు, వాము. పండుగకు ఊరొచ్చిన పిల్లలకు చేలో ఊచబియ్యం ఉంటుంది. పాలు గట్టిపడుతున్న జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి, నలిపి, ఊది, వేడివేడిగా తినే తిండి. అది ఈ పది పదిహేను రోజులే దొరుకుతుంది, ఏ దుకాణంలోనూ నిలవ ఉండదు. చింతకాయ తొక్కు దంచేదీ ఈ నెలల్లోనే. మామిడి పూతకు వస్తుంది, ఆ రోజుల్లో చెట్టుకు నీళ్ళు పెట్టరు.

చలికాలాన్ని ముగించేది శివరాత్రి. ఝరాసంగంలోని కేతకీ సంగమేశ్వర ఆలయంలో అప్పుడు జాతర. మిగతా చోట్ల శివపూజకు పనికిరాదనే మొగలిపువ్వు ఇక్కడ స్వామికి ఎక్కుతుంది. ఆలయంలోని అమృతగుండంలో మునిగి కుపేంద్ర మహారాజు చర్మవ్యాధి పోగొట్టుకున్నాడని స్థలపురాణం. తెలంగాణ నుంచీ కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ భక్తులు వస్తారు. రైతుకు మాత్రం ఆ జాతర శనగ, కుసుమ కోతలకు గుర్తు. చలి శివశివా అంటూ పోయేసరికి గింజ ఇల్లు చేరాలి.

విత్తనం ఆడవాళ్ళ చేతిలో

ఈ కాలపు పనులన్నింటిలో బరువైనది విత్తనం ఎంపిక. కంకి కోతకు ముందే చేలోకి పోయి నిండుగా గింజ కట్టినవి, పురుగు పట్టనివి చూసి విడిగా కోస్తారు. జొన్న కంకులు పొయ్యి పొగ తగిలేచోట వేలాడదీస్తారు. సొరకాయను తీగమీదే ఎండనిచ్చి, చూరుకు కట్టి, మృగశిరలో పగలగొడతారు. గుమ్మడి గింజలను బూడిదలో కలిపి ఆరబెడతారు. పప్పుల విత్తనాలను బూడిదా వేపాకూ కలిపి, పేడతో అలికిన బుట్టలో పోసి, మూతి మట్టితో మూస్తారు. ఏ తీగ చివరి కాపును విత్తనానికి ఉంచరు. చిక్కుడు, టమాట, శనగ తమలో తామే పరాగం చేసుకునేవి కాబట్టి ఏళ్ళ తరబడి గుణం మారకుండా నిలుస్తాయి. గుమ్మడి, బీర, సొర అలా కావు. పక్క పెరటి రకంతో తేలిగ్గా కలిసిపోతాయి. అందుకే ఒక వాడలో ఇంటింటికీ ఒకే రకం ఉండటం కూడా ఒక రక్షణ.

ఈ తెలివికి పేరూ విలువా తెచ్చింది జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. మైసూరులో పుట్టి దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీశ్ దాని వ్యవస్థాపకుల్లో ముఖ్యుడు. 2023 మార్చి 19న మరణించాడు. అది ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడాది. నలభై ఏళ్ళుగా జొన్న, కొర్ర, సామ గురించి మాట్లాడిన మనిషి ఆ గుర్తింపు వచ్చిన ఏడాదే వెళ్ళిపోయాడు. సొసైటీ పని డెబ్బై అయిదు దాకా గ్రామాల్లో, వేలమంది ఆడవాళ్ళతో, ఎక్కువగా దళిత, చిన్న రైతు కుటుంబాలతో సాగింది. ఊరూరా సంఘం విత్తన బ్యాంకు పెట్టారు. డబ్బు లేకుండా గింజ తీసుకొని, పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి తిరిగివ్వడం దాని పద్ధతి. బీడుపడ్డ భూములను సాగులోకి తెచ్చి, ఆ జొన్నను ఊళ్ళోనే పేదలకు పంచే ప్రత్యామ్నాయ రేషన్ 1990లలో నడిపారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంస్థకు దక్కింది.

ఝరాసంగం మండలంలోని మాచునూరు ఈ పనికి మరో కేంద్రం. అక్కడి పచ్చసాలెలో పిల్లలు పాఠాలతో పాటు సేద్యం, వడ్రంగం, కుట్టుపని, మూలికా వైద్యం నేర్చుకుంటారు. 2008 అక్టోబరు 15న అదే ఊళ్ళో సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద మొదలైంది. దేశంలో గ్రామీణ ఆడవాళ్ళు నడిపిన తొలి సామాజిక రేడియోల్లో దానిది ముందు వరుస. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపిన గొంతులు. ఏ విత్తనం ఎప్పుడు పెట్టాలి, ఏ కూర దేనికి మంచిది అన్నది పక్క ఊరి మనిషి, పక్క ఊరి యాసలో చెబుతుంది. పుస్తకపు భాషలో వచ్చిన సలహా కంటే ఆ మాట చెవికి త్వరగా ఎక్కడంలో ఆశ్చర్యం లేదు.

ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతర ఈ చలికాలపు పనికి బహిరంగ రూపం. 1990ల చివరి నుంచి జరుగుతోంది. అలంకరించిన ఎడ్లబండ్లలో రకరకాల గింజలు బుట్టలకెత్తి, నెల రోజుల పాటు ఊరు తర్వాత ఊరు తిరిగి, ఫిబ్రవరి నడుమ ముగిస్తారు. ఊరి పొలిమేరలో ఎదురొచ్చి, బండికి దండం పెట్టి, తమ దగ్గర లేని రకాన్ని అడిగి తీసుకుంటారు. సభా, ఉపన్యాసాలూ పక్కన పెడితే జాతరలో అసలు జరిగేది ఈ గింజ చేతులు మారడమే.

ఇప్పటి స్థితి

నల్లాలు ఇంటికి వచ్చాక పెరట్లో నీళ్ళ కొరత కొంత తగ్గింది. కానీ పెరడే తగ్గింది. అన్నదమ్ముల పంపకాల్లో, కొత్త స్లాబు ఇళ్ళ కింద ఆ జాగా పోయింది. ఉన్నచోట కోతులు కాయ నిలవనివ్వడం లేదు. జామ, టమాట, చిక్కుడు వేయడమే మానుకున్న ఇళ్ళు చాలా ఊళ్ళలో ఉన్నాయి. చేలలోకి పత్తి, సోయా, బోరు కింద చెరకు వచ్చాక పది రకాలు కలిపి విత్తే కలగలుపు సేద్యం కుంచించుకుపోయింది. బడి ఆవరణల్లో పోషకాహార తోటలు పెంచమని 2019లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ ప్రాంతంలో ఆ పని చేయడానికి విత్తనానికీ తెలివికీ బయటి నుంచి ఎవరూ రానక్కర్లేదు. పిల్లల నాయనమ్మలను పిలిస్తే చాలు.

అన్నిటికంటే పెద్ద మార్పు భూమిది. న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో 17 గ్రామాల పరిధిలో 12,635 ఎకరాల్లో జాతీయ పెట్టుబడులు, ఉత్పాదక జోన్‌ను ప్రతిపాదించారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ ఒకటి. ఉద్యోగాలు కావాలనేవాళ్ళ మాటలో న్యాయం ఉంది. భూమి ఇవ్వలేమన్న ఆడవాళ్ళ మాటలోనూ ఉంది. అయితే పరిహారం లెక్కల్లో ఎకరాలు, బోర్లు, చెట్లు ఉంటాయి. గట్టు మీది పప్పుకూర, మంచుతో పండే శనగ, వందేళ్ళుగా చేతులు మారిన విత్తనం ఏ కాలమ్‌లోనూ ఉండవు. నల్లరేగడి పోతే ఈ సేద్యాన్ని ఎర్ర మొరం నేలకు తరలించలేరు, ఎందుకంటే అక్కడ తేమ నిలవదు.

సంక్రాంతి సెలవులకు జహీరాబాద్ వైపు వెళ్ళేవాళ్ళు, ఆ ఊళ్ళలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడినవాళ్ళు ఒక పని చేయవచ్చు. ఇంటి పందిరి మీది చిక్కుడు ఏ రకమో, ఎవరి ఇంటి నుంచి వచ్చిందో అమ్మనో అత్తనో అడిగి రాసుకోండి. రెండు గెలలు కోయకుండా ఎండనివ్వండి. గుప్పెడు గింజలు తెచ్చి ఆషాఢంలో కుండీలోనైనా పెట్టండి. పూత కోసం దసరా దాటేదాకా ఓపిక పట్టండి. కాసిన గింజల్లో సగం మళ్ళీ ఊరికి తీసుకుపోయి ఇవ్వండి.